ఇప్పుడే లైవ్‌లోకి వచ్చినవాళ్ళకి...

కనుమ నాడు మా కోనసీమలో అల్లవరం కుర్రాళ్ళు చాలామంది జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనే ఉంటారు. ఏకాదశ రుద్రుల ప్రభలు కలుసుకునే ఆ తీర్థం 2023 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ దాకా వెళ్ళింది. ఇప్పుడు ఏటా దాన్ని దేశాలకు చూపిస్తున్నవి ఫోన్లు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటే వేళకి గట్టంతా సెల్ఫీ కర్రలే. ఒక్కో కర్ర కింద ఒక్కో గొంతు: “హాయ్ గాయ్స్, ఇప్పుడే లైవ్‌లోకి వచ్చినవాళ్ళకి మళ్ళీ చెప్తున్నా...”

ఆ కుర్రాడే ఊళ్ళో పెద్దాయన ఎదురైతే “ఆయ్, ఎప్పుడొచ్చారండి బాబాయ్ గారూ” అంటాడు. మన పలకరింపు ఎదుటి మనిషి వయసూ వరసా చూసుకుని గాని నోరు దాటదు. లైవ్‌లో మనిషి కనబడడు. తెర మూలన ఓ అంకె కనబడుతుంది. అది తగ్గిందా, గొంతులో కంగారు.

ఈ “హాయ్ గాయ్స్” మాటతీరుని ఇంగ్లీషు మోజని కొట్టిపారేయడం తేలిక. కానీ అసలు కారణం వేరు. హరికథకి ఆలస్యంగా వచ్చినవాడు పక్కవాణ్ణి అడిగి కథ తెలుసుకునేవాడు. దాసుగారు మళ్ళీ మొదటికి వెళ్ళేవారు కాదు. లైవ్‌లో జనం వస్తూ పోతూ ఉంటారు, అడగడానికి పక్కవాడు ఉండడు. అందుకే ఆ పరిచయం పదిసార్లు. బుర్రకథలో కథకుడి మాటని వంతలు అక్కడికక్కడే అందుకుంటారు. ఇక్కడ అడిగినదానికి జవాబు తెర మీదికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోపు ఊరుకుంటే జనం జారుకుంటారని భయం. ఇక నోరు ఆగదు: లైక్ కొట్టండి, షేర్ చేయండి, ఎక్కణ్ణుంచి చూస్తున్నారో కామెంట్ పెట్టండి. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కూడా కనబడని శ్రోతలతోనే మాట్లాడింది. కాకపోతే ఎవరు ఎప్పుడు రేడియో కట్టేశారో అనౌన్సరుకి తెలిసేది కాదు. ఆ గొంతుల్లోని నిదానానికి అదీ ఒక కారణమే.

అన్నట్టు, “అండి”కి వచ్చిన లోటేమీ లేదు. చీరల లైవ్ చూడండి: “సింగిల్ పీసేనండి అక్కా, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేసేయండి.” బేరం ఉన్నచోట వరసలు భద్రంగానే ఉన్నాయి!

తీర్థం లైవ్‌లోనే మాకు మనసొప్పదు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తున్న ఆడవాళ్ళు ఎందరో. పండక్కి రాలేనివాళ్ళకి ఆ ఫోనే తీర్థం. “తమ్ముడూ, మా ఊరి ప్రభ వచ్చిందా?” అని వాళ్ళు వరస కలిపి అడుగుతారు. మనవాడు “థ్యాంక్యూ సిస్టర్, వీడియోకి ఒక లైక్” అనేసి తర్వాతి కామెంటుకి వెళ్ళిపోతాడు. వాళ్ళది కోనసీమే, ఇతనిదీ కోనసీమే. మధ్యలో ఈ “గాయ్స్” ఎవరో!

వచ్చే కనుమకి లైవ్ పెట్టే తమ్ముళ్ళూ, లైకుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ అక్కని పేరు పెట్టి పిలిచి, వాళ్ళ ఊరి ప్రభ ఎందాకా వచ్చిందో చెప్పండి.