ముక్కుకు శస్త్రచికిత్స: ఒంటరివారికి ఒక మాట

ముక్కు దూలపు వంకర సరిచేయించుకొని ఒంటరిగా ఇల్లు చేరేవారు ముందుగా సమకూర్చుకోవలసినది మందు కాదు, మనిషి అని నా అభిప్రాయం. మత్తుమందు ప్రభావం తొలగే తొలి 24 గంటలు బంధువులో, పొరుగువారో తోడుండాలి.

"నస్యం వేసుకోవచ్చునా?" అని పలువురు అడుగుతుంటారు. గురుకులంలో నస్యకర్మ అభ్యసించిన నేనే వద్దంటున్నాను. పచ్చిపుండుకు తైలం, పసుపు ఆవిరి తగవు. గాయం మానిందని శస్త్రవైద్యుడు చెప్పేవరకు ఆగండి.

తల ఎత్తుగా ఉంచి పడుకోండి. ముక్కు చీదవద్దు, బరువులెత్తవద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. గోరువెచ్చని పెసరకట్టు, మెత్తని అన్నం చాలు. నెత్తురు కారితే ముందుకు వంగి కూర్చోండి; 15 నిమిషాలలో ఆగకుంటే తోడు తీసుకొని ఆసుపత్రికి వెళ్ళండి.

స్వావలంబన శ్లాఘనీయమే. ఆ ఒక్క రాత్రికి మాత్రం పొరుగింటి తలుపు తట్టడానికి సంకోచించకండి.