రచ్చ గెలిచి ఇంట ఓడినవారు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తెలుగునాట రంగస్థలాన్ని నమ్ముకొని జీవించిన పలువురి విషయంలో యీ సామెత తలక్రిందులైనది. రాత్రి తెల్లవార్లూ జనంచేత ‘వన్స్‌మోర్’ అనిపించుకొన్న నటుని పేరు సొంత యింటి వంశవృక్షంలోనే కానరాదు. ముత్తాత సేద్యం చేసినాడనో, కరణీకం చేసినాడనో గర్వంగా చెప్పుకొనే కుటుంబం, ఆయన ముఖానికి రంగు పూసుకొన్న సంగతిని మాత్రం దాటవేస్తుంది.

యీ మౌనానికి కారణం అందరూ ఎరిగినదే. నాటకాలవాడికి పిల్లనివ్వరాదనే మాట ఒకనాడు ఊరూరా వినిపించినది. నటీమణుల గతి మరింత దయనీయం. స్త్రీపాత్రలను పురుషులే ధరించే కాలంలో వేదిక నెక్కిన స్త్రీలు పలువురు కళావంతుల యిండ్లనుంచి వచ్చినవారు. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ 1947లో మద్రాసులో చట్టం వచ్చినది. దురాచారం పోవడం మేలే. కాని దానితో ముడిపడిన అపనిందకు జడిసి, కొన్ని కుటుంబాలు పద్యం పాడిన అమ్మమ్మనే మరుగుపరచినవి. స్త్రీ పాత్రలతో ప్రసిద్ధుడైన స్థానం నరసింహారావును 1956లో పద్మశ్రీ వరించినది. ఆ గౌరవపు నీడ యీ అమ్మమ్మల వరకూ సాగలేదు.

కనుక రంగస్థల పూర్వీకులను వెదకడమంటే తేదీలు పోగుచేయడం మాత్రమే కాదు, ఋణం తీర్చుకొనడం.

వెదకబోయేవారికి మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. బళ్లారి రాఘవ ఇంటిపేరు బళ్లారి కాదు, తాడిపత్రి. సురభి అన్నది కడప జిల్లాలోని గ్రామం. 1885లో వనారస గోవిందరావు ప్రభృతులు అక్కడ ‘కీచకవధ’ ప్రదర్శించిన పిమ్మట, ఆ ఊరి పేరే సమాజానికీ నటులకూ బిరుదమైనది. ఇంటిపేరొక్కటే పట్టుకొన్నవానికి నటుడు దొరకడు. ఊరిపేరుతో, సమాజం పేరుతో, పాత్రపేరుతో గాలించాలి.

రెండవది కాగితం. అటకమీది పెట్టెలో ఒక కరపత్రం దొరికితే అది నిధియే. దానిపై వారమూ తేదీ వుండి సంవత్సరం లేకపోతే నిరాశ పడనక్కరలేదు. ఒక తేదీ అదే వారంనాడు తిరిగి రావడానికి సాధారణంగా ఐదారేండ్లో, పదకొండేండ్లో పడుతుంది. పాత పంచాంగం ముందుంచుకొంటే బడిపిల్లవాడైనా ఆ సంవత్సరం రెండు మూడింటిలో ఏదో తేల్చగలడు. ఆపైన 1902లో బందరున పుట్టిన కృష్ణాపత్రిక, 1914నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక వున్నవి. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత సంచికలను భద్రపరచినవి. పూర్వీకుడు నాటకకర్త ఐతే, 1867నాటి ముద్రణా చట్టం ననుసరించి ప్రభుత్వం ప్రకటించిన పుస్తకాల పట్టికలూ సాక్ష్యం చెబుతవి.

జ్ఞాపకాన్ని గౌరవించాలి; కాని పరీక్షించక నమ్మరాదు. సురభివారి నాటకం ఆధారంగా తీసిన ‘భక్తప్రహ్లాద’ 1931లో విడుదలైనదని దశాబ్దాలపాటు అందరూ చెప్పుకొన్నారు. సెన్సారు పత్రం వెలికి వచ్చిన తరువాత అది 1932 నాటిదని తేలినది. లోకమంతా చూచిన చిత్రం విషయంలోనే యింత పొరపాటు జరిగినప్పుడు, ఒక యింటి కథలో జరగదా?

మరొక హెచ్చరిక. తాతలందరూ దుర్యోధనులుగా, సత్యభామలుగా రాణించినవారు కారు. హార్మోనియం వాయించినవాడు, తెరలు చిత్రించినవాడు, ప్రక్కనుండి పద్యం అందించినవాడు, దీపాలు మోసినవాడు కూడా నాటకాన్ని నిలిపినవారే. కరపత్రం వారి పేర్లను చాలచోట్ల మరచినది. వారిని తెలిపేది యింటిలోని ముదుసలి నోరు మాత్రమే. ఆ నోరు మూతపడితే సాక్ష్యమూ పోతుంది.

పాతసిగ్గులను త్రవ్వడమెందుకని కొందరు అడగవచ్చు. దాచినది దోషం కాదు, ఒక వృత్తి. శ్రమించి, ఆకలికోర్చి సాధించిన విద్య. రాజుల పేర్లు వల్లెవేయించే ఉపాధ్యాయుడు, యీ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థిచేతనూ తమ యింటి పెద్దలను ఒక్క ప్రశ్న అడిగించగలిగితే చాలు: ‘మనవాళ్లలో ఎవరైనా నాటకాలాడినారా?’ ఆ ప్రశ్నకు తల వంచుకోకుండా జవాబు వచ్చిననాడు, రచ్చ గెలిచినవారు ఇంట కూడా గెలిచినట్లే.