జంటముద్ర నాణెము: నిజమేది, భ్రమ యేది?

చేతిలోని నాణెముపై సంవత్సరాంకము రెండుగా కనబడినంతనే తనకు నిధి దొరకినదని సంతసించువారు పెక్కురు గలరు. ఇటీవల మా తరగతి విద్యార్థి యొకడు అట్టి నాణెమును నాయొద్దకు తెచ్చెను. జామెట్రీ పెట్టె కొనుటకై కూడబెట్టుకొనిన సొమ్మిచ్చి దానిని పరిచితుడొకని వద్ద కొనెనట. “అయ్యవారూ, దీనిపై అంకెలు రెండేసిగా నున్నవి. ఇది డబుల్డ్ డై నాణెమని ఆయన చెప్పినారు. దీనికి వేలు వచ్చునా?” అని యడిగెను. భూతద్దముతో చూచి, రాదని చెప్పవలసివచ్చెను. ఆ బాలుని ముఖము వాడిపోవుట చూచిన పిదప ఈ నాలుగు మాటలు వ్రాయ నిశ్చయించితిని.

నా యభిప్రాయమును ముందే చెప్పెదను. నాణెముయొక్క వెల యడుగుటకు ముందు, దానిపై లోపము ఎక్కడ పుట్టినదో యడుగవలెను. ఈ ప్రశ్నకు ఉత్తరము వెదక నేర్చినవానిని మోసగించుట కష్టము.

నాణెములు ముద్రింపబడు విధము నెరిగినచో ఈ సంగతి సులభముగా బోధపడును. టంకశాలలో మొదట ఉబ్బెత్తు బొమ్మగల ఉక్కు ముద్రిక యొకటి తయారు చేయుదురు. దీనిని హబ్బు అందురు. మెత్తబరచిన వేరొక ఉక్కు దిమ్మెపై దీనిని మిక్కిలి బలముగా నదిమినచో, బొమ్మ లోతుగా దిగి అచ్చు ఏర్పడును. ఈ అచ్చునకే డై యని పేరు. పూర్వము ఒక్క యదుముతో బొమ్మ సంపూర్ణముగా దిగెడిది కాదు. అదిమినకొలది ఉక్కు గట్టిపడును గనుక, దానిని కొలిమిలో కాల్చి మెత్తబరచి మరల నదుమవలసి యుండెను. అట్లు మరల నదుమునపుడు హబ్బు మొదటి చోట సరిగా కుదురక యించుక తిరిగినచో, అచ్చులోనే బొమ్మ రెండుమారులు పడును. ఇదియే నిజమైన డబుల్డ్ డై. ఆ యచ్చుతో కొట్టిన ప్రతి నాణెముమీదను అదే చోట, అదే రీతిని జంట కనబడును.

రెండవది యంత్రదోషము. దీనిని మెషీన్ డబ్లింగ్ అందురు. ఇందు అచ్చు నిర్దోషమైనదే. కాని యది యంత్రములో వదులుగా నుండుటచే, పోటు పడిన వెంటనే కదలి, అప్పుడే లేచిన యక్షరముల ప్రక్కలను ఒరయును. ఇది నాణెమునకు నాణెమునకు మారుచుండును. ఇట్టివి కొల్లలుగా దొరకును గనుక, తెలిసిన సేకర్తలు వీనికి సాధారణముగా అదనపు వెల యీయరు.

ఈ రెంటిని గుర్తించుట యెట్లు? నిజమైన జంటలో రెండు రూపములును గుండ్రని యంచులతో ఉబ్బెత్తుగా నుండును. అక్షరము మొత్తముమీద లావెక్కును. దాని కొనలు రెండుగా చీలి నడుమ చిన్న గంటు కనబడును. యంత్రదోషములోనో, రెండవ రూపము మెట్టువలె చదునుగా, అక్షరముకంటె చాల పల్లముగా నుండును. అక్షరము లావెక్కకపోగా, తన మేనిలోనే కొంత కోల్పోయి సన్నబడును. ఒకటి చేర్చును, మరియొకటి కొరుకును: ఈ మాట జ్ఞాపకముంచుకొనిన చాలును.

నిజమైనదానికి ప్రసిద్ధమైన యుదాహరణము అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రింపబడిన 1955 నాటి లింకన్ సెంటు. దానిపై సంవత్సరమును, ‘లిబర్టీ’ యను పదమును, లింకను తలపైనున్న నినాదమును రెండేసిగా నుండుట భూతద్దము లేకయే కనబడును. హబ్బు తిరిగినందున అంచునకు దగ్గరనున్న యక్షరములు మిక్కిలి యెడమై, నడుమనున్న ముఖము మాత్రము స్పష్టముగా రెండు గాలేదు. సుమారు 20,000 మొదలు 24,000 వరకు మంచి నాణెములతో కలసి బయటికి పోయినవని చెప్పుదురు.

అదే సంవత్సరపు సెంట్లు మరికొన్నిటిపై చివరి 5 ప్రక్కన నీడవంటి గీత యుండును. అది అచ్చు అరిగిపోవుటచే కలిగినది; హబ్బు తిరుగుటచే గాదు. దానికి ‘పేదవాని డబుల్ డై’ యను పేరు వచ్చెను. పేరు పెట్టినంతమాత్రమున దాని పుట్టుక మారునా?

“ఇష్టపడి కొనువానికి లేని బాధ నీకేల?” యని కొందరనవచ్చును. తెలిసి, ముచ్చటపడి కొనినచో నాకు బాధ లేదు. కాని తెలియనివాని యాశను మూటగట్టి వానికే యమ్ముట వర్తకము గాదు. అమ్మువాడు తనకు తెలిసినది చెప్పవలెను, తెలియనిచో తెలియదనవలెను. ఈ నీతి నాణెములకేగాదు, అంగడిలోని సమస్త వస్తువులకును వర్తించును.

మా బాలుడు వెడలబోవుచు మరియొక ప్రశ్న యడిగెను: “నాకు అమ్మిన ధరకే నేనును వేరొకనికి అమ్మివేయుదునా?” వానికి పోయిన సొమ్ము తక్కువది గాదని నేనెరుగుదును. అయినను, “నీకు జరిగినది వానికి జరుగనిమ్మందువా?” అంటిని. కొంతసేపు నేలచూపులు చూచి, నాణెమును జేబులో వేసికొని వెడలెను. మరుసటి వారము దానిని తరగతికి తెచ్చి, భూతద్దమును తోటివారి చేతికిచ్చి, మెట్టు ఎక్కడనున్నదో తానే చూపించెను. జామెట్రీ పెట్టె యింకను కొనలేదు. కాని ఆ తరగతిలో ఇక నొక్కరును అట్టి నాణెమునకు సొమ్మీయరు.