పటం విప్పకుండా పాఠమా?

కళాచరిత్రను అందరికీ చెప్పాలంటే పలచన చెయ్యక తప్పదని మన విద్యావంతుల్లో గట్టి నమ్మకం ఉంది. ముందు ఇంగ్లీషు రావాలట, ఇటలీ, ఫ్రాన్సు చిత్రకారులు వంటబట్టాలట. ఆ తర్వాత వీలుంటే పుస్తకం చివర ‘జానపద హస్తకళలు’ అని రెండు పేజీలు. చేర్యాల పటం ఆ రెండు పేజీల్లో ఇరుక్కుంటుంది. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల పిల్లలతోపాటు కళాచరిత్రకూ నష్టమే.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీలు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి కలిపి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. మూరల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని కథకులు పైనుంచి కిందికి గడి గడిగా విప్పుతూ పాడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివారు, మాదిగలకు జాంబ పురాణం చెప్పేది డక్కలివారు. వేసేవారు ఒకరు, వేయించుకుని పాడేవారు ఇంకొకరు, విని పోషించేవారు మరొకరు. డబ్బు ఎవరిచ్చారు, బొమ్మను ఏ వరుసలో చదవాలి, పాతకథను ఎవరు ఎలా మార్చుకున్నారు? ఫ్లారెన్సు చర్చి గోడల ముందు ఆచార్యులు అడిగే ప్రశ్నలే ఇవి. ఇందులో పలచన ఎక్కడుంది?

పాతబడి చిరిగిన పటాన్ని కథకులు నదిలో కలిపేవారు. మ్యూజియంలో మిగిలినదే చరిత్ర అనుకునేవారికి తమ కొలబద్ద ఎంత కురచో తెలియడానికి ఈ ఒక్క ఆచారం చాలు.

‘కళలోకి కులాన్ని ఎందుకు లాగుతారు’ అని గద్దిస్తారు కొందరు. లాగనక్కర్లేదు, అది రాతి మీదే ఉంది. అమరావతి స్తూపానికి పూర్ణఘటం పలకను దానమిచ్చిన విధికుడు చర్మకారుడని ఆ శాసనమే చెబుతోంది. శిల్పం సొగసును వర్ణించి దాత పేరు దాటేసే పాఠం సగం పాఠం.

ఇక తెలుగులో పదాలు లేవనే సాకు. నకాశీల, అద్దకం పనివారల, తోలుబొమ్మలాట కుటుంబాల నోట పదాలకు కొదవేమీ లేదు. వెళ్లి వినే ఓపికే మన విశ్వవిద్యాలయాలకు కావాలి.

డక్కలి కథకుడిని వార్షికోత్సవంలో పది నిమిషాలు పాడించి శాలువా కప్పి పంపడం ఇక చాలించాలి. ఆయనకు తరగతి గది ఇవ్వాలి, సెమిస్టరు ఇవ్వాలి, అధ్యాపకులకిచ్చే జీతం ఇవ్వాలి. జాంబ పురాణం పటాన్ని గడి గడిగా వివరించమని ప్రశ్నపత్రం అడగాలి. సిస్టీన్ చాపెల్ పైకప్పు ప్రశ్నకు ఎన్ని మార్కులో దీనికీ అన్నే ఉండాలి.