పలకరిస్తే పోయేదేముంది?



అపరిచితులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని రైల్వే స్టేషన్లలో మైకు హెచ్చరిస్తుంది. మంచి మాటే. కానీ దాన్ని మనం సాగదీసి, అపరిచితులతో నోరు విప్పకూడదన్న దాకా తెచ్చేశాం. గాజువాకలో ఎక్కి ద్వారకా బస్ స్టేషన్‌లో దిగేదాకా భుజాలు రాసుకుంటూ కూర్చున్న ఇద్దరు, ఒక్క మాటైనా అనుకోకుండా ఎవరి దారిన వారు పోతున్నారు. ఏ ఊరికి తగినా విశాఖకు ఇది తగదని నా వాదన.

ఈ ఊరిని పెంచింది వలస వచ్చినవాళ్ళు. 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో సింధియా ఓడల కర్మాగారానికి పునాది పడింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ప్రతిసారీ శ్రీకాకుళం పల్లెల నుంచి, ఒడిశా నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం సంచీ భుజాన వేసుకుని దిగారు. అద్దె గది ఎక్కడ దొరుకుతుంది, ఏ మెస్సులో నెలాఖరుదాకా ఖాతా పెడతారు, ఏ మేస్త్రీ కూలి ఎగ్గొట్టడు? ఇవన్నీ చెప్పింది చుట్టాలు కాదు, పక్క సీటువాళ్ళు. ఉక్కులో చేరిన కొత్తలో కూర్మన్నపాలెంలో నాకు ఇల్లు చూపించింది కూడా, షిఫ్టు బస్సులో "ఏ ఊరు బాబూ మీది?" అని పలకరించిన మనిషే.

అవసరం సంగతి అలా ఉంచండి, అందులో ఉన్న ఆనందం వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా. ఆ రోజుల్లో ఒకసారి పాతపోస్టాఫీసు వైపు వెళ్ళే బస్సులో ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. వేళ్ళ సందుల్లో నైలాను తాడు కోసిన పాత గాట్లు కనిపిస్తున్నాయి. వేట లేని రోజుల్లో ఏం చేస్తారని అడిగాను. వలలు బాగుచేసుకోవడం, పడవకు రంగులేయడం గురించి చెప్పి, అక్కడి నుంచి తన చిన్నతనంలోకి వెళ్ళిపోయాడు. జీపీఎస్ లేని కాలంలో చేపలున్న చోటు మళ్ళీ ఎలా పట్టేవారో చేతులతో చూపించాడు. ఎడమ అరచెయ్యి యారాడ కొండ, కుడి అరచెయ్యి సింహాచలం కొండ. పడవ జరిగేకొద్దీ రెండు చేతులూ దగ్గరవుతున్నాయి, దూరమవుతున్నాయి. రోజూ చూసే కొండలే, సముద్రం వైపు నుంచి ఎలా కనిపిస్తాయో అప్పుడు తెలిసింది. ఏ పుస్తకం కొంటే దొరుకుతుంది ఈ చదువు?

ఎదుటివారు విసుక్కుంటారేమోనన్న జంకు అందరికీ ఉంటుంది. షికాగో పరిశోధకులు నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అక్కడి రోజువారీ ప్రయాణికులతో దీన్ని పరీక్షించి 2014లో ప్రచురించారు. మౌనంగా వెళితేనే హాయి అని జనం ఊహించారు. తీరా చూస్తే, పక్కవారితో మాట్లాడిన వాళ్ళకే ప్రయాణం బాగుంది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మనకూ ఇది అనుభవానికొచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మంచినీళ్ళ ట్యాంకరు దగ్గర, పాల ప్యాకెట్ల వరుసలో మొహాలు తెలియనివాళ్ళు ఒకరి ఇంటి సంగతి ఒకరు అడిగి తెలుసుకున్నారు.

ఆడవాళ్ళ భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. ఎదుటి మనిషి మొహం తిప్పుకుంటే అక్కడితో ఆపేయాలి, మగవాళ్ళు మరీ ముఖ్యంగా. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మన దగ్గర చాలా పలకరింపులు రెండో నిమిషానికే "ఇంటిపేరేమిటి?" దగ్గరికి వస్తాయి. అది పేరు కోసం అడిగేది కాదని, కులం ఆరా అని ఇద్దరికీ తెలుసు. ఎంతోమంది కుర్రాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడానికి ఆ ప్రశ్న కూడా కారణమే. ఊరడగండి, పనడగండి, పిల్లల చదువులడగండి. ఆ ఒక్కటీ అడక్కండి.

బస్ షెల్టర్లు కట్టించేవారికి ఒక మనవి. మధ్యలో ఇనుప కమ్మీలతో విడివిడి కుర్చీలు వద్దు. నలుగురు సర్దుకుని కూర్చునే పొడుగు బల్లలు, వాటి మీద ఎండ పడని కప్పు, ఇవి చాలు.

ఇట్లు,
ఉక్కు కర్మాగారం విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం