మెహమాన్ కమ్రా ఎవరి కోసం?

కిందటి ఏడాది మా ఫ్లాట్‌లో మెహమాన్ కమ్రాని కొత్తగా ముస్తాబు చేయించాం. డిజైనర్ అబ్బాయి ట్యాబ్ తెరిచి ఒక్కో స్టైలూ చూపించాడు. మొఘల్, మొరాకన్, స్కాండినేవియన్, జాపనీస్. నా దిల్ మొఘల్ మీదికి పోయింది. మా అమ్మాయి మొరాకన్ అంది. ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో మీకు తెలుసు కదా!

నేలకి జానెడు ఎత్తున మంచం, రంగు అద్దాల ఇత్తడి ఫానూసులు, పదకొండు తకియాలు, పాలనురగలాంటి తెల్ల చాదర్. ఫోటోలు పెడితే ఖాందాన్ మొత్తం మాషా అల్లాహ్ అంది.

ఆ కమ్రాకి వచ్చిన మొదటి మెహమాన్ మా ఫుప్పు. నంద్యాల నుంచి పది రోజులు ఉందామని వచ్చింది. మర్నాడు ఫజర్‌కి లేచి చూస్తే హాల్లో దీవాన్ మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఏమైంది ఫుప్పూ అంటే నవ్వేసింది.

"ఇత్తా అచ్ఛా కమ్రా మైఁ ఖరాబ్ కరూఁ క్యా రే? నేను తలకి నూనె రాసుకునే మనిషిని. ఆ తెల్ల చాదర్ మరకలైతే బహూ ఎంత కష్టపడాలి!"

అసలు సంగతులు తర్వాత మా బేగమ్ అడిగితే ఒక్కోటీ బయటికొచ్చాయి. అంత కిందికి కూర్చుంటే మళ్లీ లేవడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. ఫానూసుల మసక వెలుగులో గుసల్‌ఖానా తలుపు కనబడలేదు. బుర్ఖా తగిలించడానికి ఒక్క కొక్కెం లేదు. ఖిబ్లా ఎటని మగ్రిబ్‌కి అడిగి తెలుసుకుంది, రాత్రి పడుకోబోతే కాళ్లు సరిగ్గా అటే వస్తున్నాయి. తకియాలు తీసి ఎక్కడ పెట్టాలో తెలియక నేల మీద పేర్చి, వాటిని దాటుకుంటూ హాల్లోకి వచ్చింది. మూడో రోజు, ఇంటి దగ్గర పని ఉందని వెళ్లిపోయింది. ఒక్క షికాయత్ చేయలేదు.

నాకు ఎందుకంత షర్మ్ వేసిందో చెప్పాలి. ఉర్దూ మీడియం హైస్కూలు చదువుకి మూడేళ్లు నేను ఉన్నది ఆ ఫుప్పు ఇంట్లోనే. వాళ్లకున్నది ఒక గది, మధ్యలో ఒక పర్దా. ఉన్న ఒక్క నవారు మంచం నాకిచ్చి, ఫుప్పా మూడేళ్లూ వరండాలో చాప మీద పడుకున్నారు. గది లేని ఇంట్లో నాకు జాగా దొరికింది. మూడు పడకగదుల నా ఇంట్లో ఆమెకి దొరకలేదు.

అప్పటి నుంచీ ఈ స్టైళ్ల గురించి ఆలోచిస్తున్నాను. ప్రతి స్టైలూ అక్కడి మనుషుల ఏదో ఒక జరూరత్ నుంచి పుట్టిందే. మొఘల్ జాలీ గాలిని రానిస్తుంది, ఎండని విరగ్గొడుతుంది, లోపలి ఔరత్‌లకి బయట కనిపిస్తూనే పర్దా ఇస్తుంది. దాన్ని ప్లైవుడ్‌లో కోయించి గోడకి అంటిస్తే ఏం ఇస్తుంది, దుమ్ము తప్ప? ఉత్తర యూరప్‌లో చలికాలం పగలు చాలా కొద్దిసేపే, ఉన్న కాస్త వెలుతురూ వృథా పోకూడదని తెల్ల గోడలు, లేతరంగు కర్ర. మన కర్నూలు మే నెలలో వెలుతురికి కరువా? జపాన్‌లో పొద్దున్నే పరుపు మడిచి గోడ బీరువాలో పెట్టేస్తారు, అదే గది పగలు కూర్చోవడానికి పనికొస్తుంది. మన ఇళ్లలో బిస్తర్ చుట్టి మూలన పెట్టేవాళ్లం, గుర్తుందా?

ఇక మొరాకన్. అక్కడి పాతకాలపు ఇళ్లలో మెహమాన్లని కూర్చోబెట్టే పెద్ద గదికి గోడల పొడుగునా మెత్తటి బల్లలు ఉంటాయి. పగలు వాటి మీద కూర్చుంటారు, చాయ్ తాగుతారు. రాత్రి మెహమాన్లు వాటి మీదే పడుకుంటారు. మన దీవాన్‌ఖానాలో తఖ్త్ లాగే అనుకోండి. అంటే ఫుప్పు హాల్లోకి పోయి దీవాన్ మీద పడుకున్నదే అసలు మొరాకన్ పద్ధతి! మేం డబ్బులు పోసి తెచ్చుకున్నది దాని ఫోటో.

నేను ఖూబ్‌సూరతీకి దుష్మన్‌ని కాను. మెహమాన్ కోసం ఇల్లు అలంకరించడం కూడా ఖాతిర్‌దారీయే. కానీ మనం అలంకరిస్తున్నది ఎవరి ఇజ్జత్ కోసం అన్నదే నా సవాల్. సహీహ్ ముస్లింలో పడకల గురించి ఒక హదీస్ ఉంది. ఒకటి ఇంటాయనకి, ఒకటి భార్యకి, మూడోది మెహమాన్‌కి, నాలుగోది షైతాన్‌కి అని దాని సారాంశం. మూడో పడక మీద మెహమాన్ పడుకోలేకపోతే దాన్ని మూడోదని లెక్కపెట్టాలా, నాలుగోదనా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

చిన్న ఇల్లు, వేరే కమ్రా ఎక్కడిది అనేవాళ్లకి నా జవాబు ఫుప్పు ఇల్లే. హాల్లో ఒక తఖ్త్, ఒక మంచి పర్దా చాలు. పర్దా వేసేశాక టీవీ కట్టేయడం మాత్రం మర్చిపోవద్దు.

మేం ఏం మార్చామో చెబుతాను. వడ్రంగిని పిలిచి మంచం మోకాలి ఎత్తుకి లేపించాం. మన వైపు నుంచి ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి. తల అటు వచ్చేలా మంచం తిప్పాం. తకియాలు రెండే ఉంచాం, ఒక గావ్ తకియా కలిపాం. కింద వరంగల్ జంపఖానా, మంచం మీద మచిలీపట్నం కలంకారీ చాదర్. ఆ ముదురు ఎరుపు మీద నూనె మరక ఎవరికీ కనబడదు. ఫానూసుల్లో ఒకటి ఉంచాం, మా అమ్మాయి దిల్ కోసం. మంచం మీద నుంచే చెయ్యి అందేలా ఒక మామూలు లైటు స్విచ్ పెట్టించాం. తలుపు వెనక మూడు కొక్కేలు, కుర్చీ మీద మడత పెట్టిన జానమాజ్, గుసల్‌ఖానాలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, వజూకి బద్నా, కూర్చోవడానికి చిన్న పీట. అన్నీ కలిపి ఆ ఫానూసుల ఖరీదు కూడా కాలేదు.

"ఇది ఏ స్టైల్ అబ్బూ?" అని మా అమ్మాయి మూతి ముడిచింది. పేరు ఇంకా దొరకలేదు.

మీ ఇంట్లో మెహమాన్ కమ్రా ఉంటే ఒక పని చేయండి. ఒక రాత్రి మీరే అందులో పడుకోండి. చీకట్లో లేచి మంచినీళ్లు వెతుక్కోండి, వజూ చేసుకోండి, బట్టలు ఎక్కడ పెట్టాలో చూసుకోండి. ఏ డిజైనరూ చెప్పనివి తెల్లారేసరికి మీకే తెలుస్తాయి.

మొన్న ఫుప్పుకి ఫోన్ చేశాను. మంచం ఎత్తు పెంచాం, బక్రీద్ అయ్యాక రమ్మని అడిగాను. ఇన్షా అల్లాహ్ అంది. కాసేపాగి అడిగింది, "చాదర్ రంగుదేనా?"