గోర్‌బోలి మాట్లాడే పిల్లలకు థెరపీ వద్దా?



శామీర్‌పేట, మేడ్చల్ తండాలల్ల ఆటిజం ఉన్న పిల్లగానికి గాలి సోకిందని దారం కట్టిస్తరు. తల్లిని తిట్టుడు మాకు నచ్చదు. మనోవికాస్ నగర్‌ల 1984 నుంచే కేంద్ర సంస్థ ఉంది, దూరం కూడా కాదు. కానీ థెరపీకి ఏండ్ల తరబడి తిరగాలె. పోయిన్నాడల్లా కూలి పోతది. అదెవరిస్తరు?

2016 చట్టం 40 శాతం వైకల్యం ఉన్న 6–18 ఏండ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కు ఇచ్చింది. ఇంట్ల గోర్‌బోలి వినే పిల్లగాన్ని తెలుగుల, ఇంగ్లిషుల అడిగి, జవాబు రాలేదని "వెనకబడ్డడు" అని రాస్తే అదేం పరీక్ష? మన భాష వచ్చిన థెరపిస్టులను ప్రభుత్వం పెట్టాలె. మనోళ్లు కూడా స్పెషల్ బీఈడీ వైపు చూడాలె (అందరం గ్రూప్స్ కోచింగుకేనా?).

వైకల్య సర్టిఫికెట్ రాని పిల్లలెవరో తండాల వారీగా అడుగుదాం. పేర్లు మాత్రం గ్రూపుల పెట్టకండి.